కీచురాయి లేని క్యాసెట్టు

ఈ మధ్య మా వీధిలో ఒక కుర్రాడు గది తలుపేసుకుని సొంతంగా కట్టిన పాట పాడి, దాన్ని తన ఫోనులోనే రికార్డు చేసి, సాయంత్రం కాఫీ వేళకల్లా దేశదేశాల వాళ్లకు వినిపించేశాడు. నాకూ వినిపించి "ఎలా ఉంది అంకుల్?" అన్నాడు. బాగుందన్నాను. నిజంగానే బాగుంది. కానీ నా వయసు వాణ్ణి అలాంటి ప్రశ్న అడిగితే ఒక్క మాటతో వదిలిపెడతాడా? మా రోజుల్లో అని మొదలుపెట్టాను. కుర్రాడికి వెంటనే ఏదో పని గుర్తొచ్చింది. అతను వినకుండా తప్పించుకున్న ఆ సంగతి ఇప్పుడు మీకు చెబుతున్నాను. మధ్యలో మీరు పుస్తకం మూసేసినా నాకు కనబడదు కాబట్టి నిశ్చింతగా చెప్పగలను.

నేను భిలాయిలో ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. అలాగని ఉక్కు తయారు చేశానని గొప్పలు పోను. నా పని లౌడ్‌స్పీకర్లు. రోలింగ్ మిల్లు అంటే ఎర్రగా కాలిన ఇనప దిమ్మల్ని రోలర్ల మధ్య నొక్కి సాగదీసే చోటు. ఆ మోతలో పక్కవాడు అరిచినా వినబడదు. అందుకని షెడ్డు పొడుగునా లౌడ్‌స్పీకర్లు, క్రేన్లలోనూ కంట్రోలు గదుల్లోనూ టెలిఫోన్లు ఉండేవి. ఆ దుమ్ముకీ వేడికీ అవి తరచూ మొరాయించేవి. వాటిని బాగుచేసే మనిషిని నేను. అందువల్ల నా ఉద్యోగానికి ఏనాడూ ఢోకా లేకపోయింది.

ఆ మిల్లులో ఒక క్రేన్ ఆపరేటర్ ఉండేవాడు. శ్రీకాకుళం వైపు మనిషి. నాది విజయనగరం. నాకంటే కాస్త పెద్దవాడు కావడంతో, చుట్టరికం ఏమీ లేకపోయినా బావా అని పిలిచేవాణ్ణి. అతని పని అంతా పైకప్పు కింద వేలాడే క్రేన్ గదిలో. కింద పనిచేసే మాకు అతని మొహం చిన్నగా, పెదాలు ఎప్పుడూ ఆడుతూ కనిపించేవి. ఎప్పుడు చూసినా ఏదో నములుతున్నాడు, కిళ్లీల మనిషి అని అందరూ అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఒకసారి అతని గదిలో టెలిఫోను పలకడం లేదంటే నిచ్చెనెక్కి పైకి వెళ్లాను. నేను వచ్చిన సంగతి అతను చూడలేదు. చేతులు మీటల మీద, కళ్లు కింద నిప్పు దిమ్మ మీద ఉన్నాయి. గొంతు చించుకుని పాడుతున్నాడు.

పైన నేనూ, కింద నిప్పూ,
మధ్యనేటుంది మావయ్యా?
గాలి ఉంది, గోల ఉంది,
గాల్లో నా పాటుంది రావయ్యా!

"ఎవరి పాట బావా ఇది?" అని అతని చెవి దగ్గర అరిచాను.

ఉలిక్కిపడి, తర్వాత నవ్వాడు. "నాదేరా. మరెవుల్దనుకున్నావేటి?"

డెబ్బైల్లో ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఆ గదిలో కూర్చుని పాటలు కడుతున్నాడట. సముద్రం లేని ఊళ్లో చేపల పులుసు వండబోయి అలిగిన భార్య మీద ఒక పాట. బళ్లో హిందీ నేర్చుకొచ్చి తండ్రి హిందీని దిద్దే కూతురి మీద ఒకటి. షిఫ్టు దిగి సైకిళ్ల మీద గేటు దాటే జనం మీద ఇంకొకటి. అందులో సగం మాటలు తెలుగు, మిగతావి హిందీ, ఛత్తీస్‌గఢీ. మాట అతనిదే, బాణీ అతనిదే. వినేవాడే లేడు. ఆ మోతలో తన పాట తనకు వినబడాలంటే అరవాలి కాబట్టి అరిచేవాడు.

నేను ఊరుకోలేదు. మా తెలుగు సంఘం పండగ కార్యక్రమంలో పాడించాలని అతన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. ఆ కార్యక్రమాలు చూసేది మా మిల్లు సూపరింటెండెంటే. నెహ్రూ నగర్‌లో ఇల్లు కట్టుకుంటున్న పెద్దమనిషి, మంచివాడు, కళలంటే ఇష్టం. కానీ ఆయన లెక్క ఆయనకుంది.

"చూడవయ్యా, జనానికి తెలిసిన పాటైతే వాళ్లూ గొంతు కలుపుతారు. ఎవరికీ తెలియని పాట ఎవరు వింటారు? ఏదైనా సినిమా పాట పాడు. కావాలంటే మొదటి పాట నీకే ఇస్తాను."

బావ దణ్ణం పెట్టి వచ్చేశాడు. దారి పొడుగునా సైకిలు నడిపిస్తూనే వచ్చాడు గానీ ఎక్కలేదు. అతనికి కోపం రాలేదు, అదే నాకు బాధేసింది. "ఆయనన్నది నిజమేరా. ఎవలికీ తెలీని పాట పాటేటి?" అన్నాడు. అంతటి మనిషి ఆ మాట ఒప్పేసుకోవడం నాకు నచ్చలేదు.

"తెలియకపోతే తెలిసేట్టు చేద్దాం బావా. క్యాసెట్టు తీద్దాం."

ఎనభైల మొదట్లో ఈ మాట అనడానికి చాలా ధైర్యం కావాలి. క్యాసెట్టు తీయడం అంటే మద్రాసు, బొంబాయి, అద్దాల గదులు. మా దగ్గర ఉన్నది నా టేప్‌రికార్డరు, అరువు తెచ్చిన రెండు మైకులు, వాటిని కలపడానికి నేను స్వయంగా చేసిన ఒక రేకు డబ్బా. లౌడ్‌స్పీకర్ల మనిషిని కదా, శబ్దం గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. ఈ నమ్మకాన్ని గుర్తుంచుకోండి.

డోలు వాయించడానికి మా మిల్లులోనే రోలర్లు మార్చే ముఠాలో ఒక ఫిట్టరు దొరికాడు. చేతులు తాటిమట్టల్లా ఉండేవి గానీ డోలు మీద పడ్డాయంటే పువ్వుల్లా మెత్తబడేవి. హార్మోనియం బావే వాయించుకునేవాడు. అలా ముగ్గురం అయ్యాం. ముగ్గురమూ ఏళ్ల తరబడి ఆ మోతలో బతికినవాళ్లమే.

వారాంతపు సెలవు రోజున బావ క్వార్టర్లో రికార్డింగు. వానాకాలం. నిశ్శబ్దం కావాలని అతని భార్యనూ పిల్లల్నీ మా ఇంటికి తోలేసేవాళ్లం. బావ భార్య నాకు అప్ప అవుతుంది, అక్కను మా వైపు అలాగే పిలుస్తాం. "నా ఇంట్లోంచి నన్నే ఎల్లగొట్టీసి పాటలేటర్రా!" అని ఆవిడ గొణుక్కుంటూ వెళ్లేది. తర్వాత మేము తలుపులు బిగించి, కిటికీలకు బొంతలు, దుప్పట్లు, చివరికి బావ కోటు కూడా వేలాడదీసి, ఫ్యాను ఆపేసేవాళ్లం. పట్టపగలు గది కటిక చీకటి. చెమటలు కారిపోతుంటే బనియన్లతో కూర్చుని రికార్డు చేసేవాళ్లం. తప్పు పోతే టేపు వెనక్కి తిప్పి మళ్లీ మొదటినుంచి. బావ మిల్లులో పాడినట్టే గొంతెత్తి పాడేవాడు. నా డబ్బా మీద శబ్దం ఎంతుందో చూపించే సూది ఎగిరెగిరి పడేది. సూది ఎగురుతోంది కాబట్టి అంతా బ్రహ్మాండంగా ఉందని నేను అనుకునేవాణ్ణి.

వానాకాలం అయ్యేలోపల క్యాసెట్టు రెండు వైపులా నిండింది. ముగ్గురం దాన్ని ఎన్నిసార్లు విన్నామో చెప్పలేను. ప్రతిసారీ ఒకరి భుజం ఒకరం తట్టుకున్నాం. ఇక ఇంట్లోవాళ్లకు వినిపించాలని ఒక సాయంత్రం బావ ఇంట్లోనే సభ పెట్టాం. అప్ప ఉల్లిపాయ పకోడీలు వేసింది. మా ఆవిడ కూడా వచ్చింది. నేను పెద్ద పంతులులా గొంతు సవరించుకుని మీట నొక్కాను.

మొదటి వైపు అయిపోయింది. ఆడవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పాటలు బాగున్నాయి గాని, మధ్యలో ఆ కీచురాయినెందుకెట్టినారు?" అంది అప్ప.

"ఏ కీచురాయి?" అన్నాను.

"మొదట్నించీ అరుస్తన్నాది కదా. పాట ఆగినప్పుడు మరీని."

నాకు నవ్వొచ్చింది. ఇలాంటివి వివరించడమే నా వృత్తి. "అది కీచురాయి కాదప్పా, టేపు తిరిగే చప్పుడు. ఏ క్యాసెట్టులోనైనా ఉంటుంది."

"టేపేటి, కాసేపు అరిసి, ఊపిరి తీసుకొని, మల్లీ అరుస్తాదేటి తమ్ముడూ?"

మా ఆవిడ చేతిలో పళ్లెం కింద పెట్టింది. "అయ్యో, అది మీరు కావాలనే పెట్టారనుకున్నాను. పల్లెటూరి పాటలు కదా అని."

ముగ్గురం టేప్‌రికార్డరు చుట్టూ గొంతుక్కూర్చున్నాం. స్పీకరుకి చెవులు ఆనించాం. బావ కుడి చెవి, తర్వాత ఎడమ చెవి. ఫిట్టరు కళ్లు మూసుకుని మరీ విన్నాడు. "నాకేటీ వినబళ్లేదు గురూ" అన్నాడు. నాకూ వినబడలేదు. ఆడవాళ్లిద్దరూ "ఇదిగో, ఇప్పుడు... ఇదిగో, మళ్లీ" అని ఒకేసారి వేలు ఎత్తుతున్నారు. ఇద్దరూ కలిసి మమ్మల్ని ఆటపట్టిస్తున్నారేమోనని కూడా నాకు అనుమానం వచ్చింది.

అప్ప పెరటి గుమ్మం వైపు చెయ్యి చూపించింది. "క్యాసెట్టెందుకు, ఇప్పుడు పెరట్లో అరుస్తన్నాది. ఇదీ వినబళ్లేదేటి?"

బావ లేచి పెరట్లోకి వెళ్లాడు. వెనకాలే నేనూ వెళ్లాను. వాన వెలిసి నేల తడిగా ఉంది. అతను తల వంచి, అరచెయ్యి చెవికి ఆనించి విన్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా అన్నాడు. "వచ్చిన కొత్తలో ఉండేవిరా. తరవాత ఊరు పెద్దదైపోనాది కదా, భిలాయిలో కీచురాళ్లు లేకండా పోనాయనుకున్నాను."

 నేనూ అదే అనుకున్నాను.

చెవుల్లో పెట్టుకోమని మాకు రబ్బరు బిరడాలు ఇచ్చేవారు. పెట్టుకోమని చెప్పీ చెప్పీ వాళ్లకే విసుగొచ్చేది. దురదపెడతాయని వాటిని జేబులో వేసుకుని తిరిగాం. చెవుల్లో బిరడాలు పెట్టుకునేవాణ్ణి కొత్త పెళ్లికూతురని ఏడిపించాం కూడా. ఈ పుస్తకం చదివే మిల్లు కుర్రాళ్లెవరైనా ఉంటే, దయచేసి పెళ్లికూతుళ్లలాగే ఉండండి.

బావ చెవుల డాక్టరుకు చూపించుకున్నాడు. ముందు సన్నని శబ్దాలు పోతాయి, జాగ్రత్తపడకపోతే తర్వాత మిగతావీ తగ్గుతాయి, పోయినవి తిరిగి రావు, ఉన్నది కాపాడుకో అన్నాడు డాక్టరు. ఆ రోజునుంచి బావ బిరడాలు పెట్టుకున్నాడు. కానీ పాడటం మానేశాడు. కింద నుంచి చూస్తే క్రేన్ గదిలో అతని పెదాలు కదలడం లేదు. అది చూసి నాకు భయం వేసింది.

"ఇయాళ కీచురాయి పోనాది, రేపు శ్రుతి పోద్ది. తప్పు పాడుతున్నానని కూడా నాకు తెలీదు. అలాటి పాట ఎవలికి కావాలి? ఒదిలీరా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే ఫిట్టరుకు విశాఖపట్నంలో కొత్తగా కడుతున్న కర్మాగారంలో ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో మావాళ్లు చాలామంది అలా వెళ్లిపోయారు. సొంత సముద్రం దగ్గరికి పోతున్నవాణ్ణి ఆపడం ఎవరి తరం? వచ్చే ఆదివారం సాయంత్రం పక్కనున్న దుర్గ్‌లో బండెక్కుతానని చెప్పి, తలొంచుకున్నాడు. అంటే మళ్లీ రికార్డు చేయాలంటే ఆ ఆదివారం పగలే. అది దాటితే డోలు లేదు. ఇంకో మనిషి దొరికి, పాటలు నేర్చుకునేసరికి బావ చెవుల్లో ఏం మిగులుతుందో తెలియదు. కీచురాయి ఉన్న క్యాసెట్టునే వదిలేద్దామని నేనన్నాను. బావ తల అడ్డంగా ఊపాడు.

ఇదంతా గుమ్మం దగ్గర నిలబడి వింటున్న అప్ప లోపలికొచ్చింది. "ఎందుకొదిలీడం? మీకు ఇనబడకపోతే నాకు ఇనబడతాది కదా" అంది.

మా ముగ్గురికీ ఆ సంగతి తట్టనే లేదు. నిశ్శబ్దం కోసం ఆవిణ్ణి ఇంట్లోంచి పంపేశాం. ఆ ఇంట్లో పనిచేసే చెవులు ఆవిడవే.

ఆదివారం పొద్దున్న నేను డబ్బా, మైకులు పట్టుకుని వెళ్లేసరికి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. గదినిండా ఎండ.

"బొంతలేవి అప్పా?"

"చీకటి సేసీస్తే అది అరవదేటి మరి? పట్టపగల్ని రాత్రి సేసీసినారు మీరు. పాపం, అది దాని డ్యూటీ అది సేసింది."

తర్వాత ఆవిడ గది మధ్యలో నిలబడి, చేయి ఎత్తి మమ్మల్ని కదలొద్దంది. కళ్లు మూసుకుంది. కాసేపటికి, కింద ఇంకా చీకటే కాబట్టి అక్కడ అరుస్తోందంటూ, గోడ వారనున్న ఇనప ట్రంకు పెట్టె వైపు వేలు చూపించింది. బావా, ఫిట్టరూ దాన్ని ఎత్తారు. ఉంది. గోధుమరంగులో, నా బొటనవేలి గోరంత. నెలల కష్టాన్ని మట్టిలో కలిపిన ప్రాణి అది. అప్ప దాని మీద గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, వీధి చివర కంచె దాకా తీసుకెళ్లి వదిలిపెట్టి వచ్చింది. దాని గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియనే లేదు.

కిటికీలు తెరిస్తే వీధి చప్పుడు వస్తుంది కదా. దానికీ ఆవిడే వెళ్లింది. పక్క క్వార్టర్లో ఉన్న పంజాబీ ఆవిడతో, "దీదీ, ఆజ్ హమారే ఘర్ మే రికార్డింగ్ హై, కుక్కర్ జరా బాద్ మే" అంది. ఆవిడ కుక్కరు దించడమే కాదు, తన వీధరుగు మీద కుర్చీ వేసుకుని, సైకిలు గంట కొట్టబోయిన వాడినల్లా "చుప్!" అని కసిరింది. కూరగాయలమ్మే ఛత్తీస్‌గఢీ ఆవిడ గంప దించుకుని గుమ్మం పక్కన కూర్చుండిపోయింది. మా టౌన్‌షిప్ సెక్టార్‌లో ఒక వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

బావ హార్మోనియం ముందు కూర్చున్నాడు. ఎదురుగా అప్ప. గొంతెత్తి మొదటి చరణం అందుకున్నాడో లేదో ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఇది మిల్లా? ఆ అరుపేటి? సాయంత్రం మంచం మీద కూకొని నాతో మాటాడతారు కదా, అలాగ పాడండి."

"అంత చిన్నగా పాడితే నాకు వినబడదే!"

"మీకెందుకు? వినీవోళ్లకి వినబడితే సాలదా?"

బావ హార్మోనియం మీద వేళ్లు సర్దుకున్నాడు. తర్వాత పాడాడు. ఆ పాట నేను అన్నేళ్లూ వింటున్న పాటే. కానీ ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. అరుపు కింద అణిగిపోయిన గొంతు అది. కొంచెం గరుకుగా, వెచ్చగా, పక్కన కూర్చుని కబురు చెబుతున్నట్టు ఉంది. శ్రుతి కిందికి జారితే అప్ప అరచెయ్యి కొద్దిగా పైకి లేచేది, ఎక్కువైతే కిందికి దిగేది. బావ కళ్లు ఆ చేతిని వదల్లేదు. ఫిట్టరు డోలు మీద వేళ్లతోనే వాయించాడు. నేను నా సూదిని చూడటం మానేసి ఆవిడ మొహం చూశాను. ఆవిడ తల ఊపితే టేపు ఆపాను, ఊపకపోతే మళ్లీ మొదలెట్టాను. శబ్దం గురించి నాకు తెలియనిది లేదనుకున్నవాణ్ణి ఆ రోజు మీటలు నొక్కే మనిషినయ్యాను. దానివల్ల నాకు ఏమాత్రం చిన్నతనం అనిపించలేదు. సంతోషంతో గుండె నిండిపోయింది.

భోజనాలు చేయలేదు. పంజాబీ ఆవిడ లస్సీ పంపింది, అది తాగాం. గది మూలన ఫిట్టరు పెట్టె, పరుపుచుట్ట సిద్ధంగా ఉన్నాయి. రెండో వైపు చివరి పాట అయ్యేసరికి ఎండ కిటికీ దాటిపోయింది. అప్ప ఆ పాట వెంటనే వినిపించమంది. విని, తల ఊపింది.  అప్పుడు గుమ్మం పక్కనుంచి కూరగాయలావిడ, "అవ్ ఏక్ ఠన్ సునా నా భయ్యా" అంది. ఇంకొక్కటి వినిపించమని. అప్పటికి ఆవిడ గంపలో తోటకూర వాడిపోయింది.

దుర్గ్ స్టేషనుకు అందరం వెళ్లాం. బండి కదిలే ముందు ఫిట్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, "అప్పా, నిజం సెప్పు. నా డోలు బాగా పడిందా?" అన్నాడు.

"నీ డోలు కన్నా నీ ఊపిరి బాగా పడింది. అయినా పరవాలేదు, బాగుంది" అంది అప్ప. వాడు నవ్వుతూ వెళ్లాడు.

దుర్గ్‌లోనే ఒక షాపులో కాపీలు తీయించాం. మొదట మాకు తెలిసినవాళ్లకు ఇచ్చాం. ఆ తర్వాత మేం ఇవ్వని ఇళ్లలో కూడా ఆ పాటలు వినబడ్డాయి. సెక్టార్లలో, కార్మికులుండే క్యాంపు బస్తీలో, ఆదివారం బట్టలుతికే వేళ. పక్క ఊరు కుమ్హారిలో టీ కొట్టు దగ్గర విన్నానని ఒకతను చెబితే నేను పని పెట్టుకుని వెళ్లి అక్కడ టీ తాగి వచ్చాను. టీ బాగులేదు, పాట బాగుంది. ఫిట్టరు తీసుకెళ్లిన కాపీ విశాఖపట్నంలో ఎన్ని చేతులు మారిందో, అరిగిపోయింది ఇంకొకటి పంపమని కబురు చేశాడు. ఇవన్నీ మా సూపరింటెండెంటు గారి దాకా మాత్రం పోలేదు. ఆయన బట్టలు ఇంకెవరో ఉతుకుతారు.

ఏడాదికొకసారి పెద్ద రిపేర్ల కోసం మిల్లు ఆపేవారు. ఆ ఏడాది లౌడ్‌స్పీకర్లు చాలావరకు మార్చాం. పని అయ్యాక సూపరింటెండెంటు గారు నన్ను పిలిచి, "ఈ చివర్నుంచి ఆ చివరి దాకా ఒక్కటి కూడా వదలకుండా పరీక్షించు" అన్నారు. మామూలుగా అయితే నేను మైకులో హలో హలో అంటూ గొంతు పోయేదాకా అరవాలి. ఆ రోజు అరవలేదు. యాంప్లిఫయరుకు టేప్‌రికార్డరు కలిపి, మీట నొక్కి, షెడ్డులోకి పరిగెత్తాను.

ఆగిపోయిన మిల్లు మీరు చూడలేదు. అంత పెద్ద షెడ్డు, ఎక్కడో ఒక సుత్తి చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అందులోకి బావ గొంతు వచ్చింది. మెల్లగా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు. పైన నేనూ, కింద నిప్పూ. సుత్తి ఆగింది. వెల్డింగు చేసేవాడు మొహం మీది కవచం పైకెత్తాడు. మధ్యనేటుంది మావయ్యా అనగానే మావాళ్లు గొంతు కలిపారు. రెండోసారి వచ్చేసరికి బీహారీలు, ఛత్తీస్‌గఢీలు, ఒక్క తెలుగు మాట రానివాళ్లు కూడా "మధ్యనేటుంది!" అని అరిచారు. నేను పనిచేసినన్నాళ్లూ ఆ షెడ్డులో ఇనుము మోతే విన్నాను. ఆ రోజు మనుషుల పాట విన్నాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

సూపరింటెండెంటు గారు గబగబా వచ్చారు. మందలిస్తారనుకున్నాను. ఆయన పాట అయ్యేదాకా నిలబడి, "ఎవరిదీ పాట? వీళ్లందరికీ ఎలా తెలుసు?" అన్నారు.

చుట్టూ ఉన్న చేతులన్నీ బావ వైపు లేచాయి. క్రేన్ చక్రాల దగ్గర గ్రీజు చేతులతో నిలబడి ఉన్నాడు.

"నీదా? అయితే ఇది నాకొక్కడికే తెలియని పాటన్నమాట" అని ఆయన నవ్వారు. ఆయనలోని మంచితనం అదే, తన మీద తనే నవ్వుకోగలరు. "ఈసారి పండక్కి మొదటి పాట నీదే. సినిమా పాట పాడావంటే ఊరుకోను."

"పాడతాను సార్. కానీ మాట నాది, గొంతు నాది, చెవి మాత్రం మా ఇంటిదానిది. అది ఎదురుగా లేకపోతే నాకు శ్రుతి నిలవదు."

ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పాను. అంతా విన్నారు. "స్టేజీ మీద రెండు కుర్చీలు వేయిస్తాను" అన్నారు.

పండగ సాయంత్రం హాలు కిక్కిరిసింది. మైకుల దగ్గర నేనే. స్టేజీ మీద ఒక కుర్చీలో బావ జనం వైపు తిరిగి కూర్చున్నాడు. రెండో కుర్చీలో అప్ప అతని వైపు తిరిగి, జనానికి వీపు చూపించి కూర్చుంది. స్టేజీ ఎక్కి జనానికి వీపు తిప్పిన మనిషిని మా సంఘం అప్పుడే మొదటిసారి చూసింది. బావ పాడాడు. ఆవిడ ఒళ్లో చెయ్యి లేస్తూ దిగుతూ ఉంది. తెలిసిన పాట కదా, హాలంతా గొంతు కలిపింది.

పాట అయిపోయింది. చప్పట్లు మోగి, సన్నబడి కూడా ఆగడం లేదు. దీపాలు కళ్లలో పడి బావకు హాలు కనబడటం లేదు. హార్మోనియం మూసి, లేవబోతూ ఆవిడ వైపు వంగి ఏదో అడిగాడు. మైకు ఇంకా తెరిచే ఉంది కాబట్టి ఆ మాట నాకు వినబడింది.

"అయిపోనాయా సప్పట్లు?"

"లేదండీ" అంది అప్ప. "ఇంకా కొడతనే ఉన్నారు. మీరు కూకోండి."